గుల్ల చప్పుడు

గోదావరిఖని క్వార్టర్లలో టిమోతి కాక చేతికర్రతో తట్టని గోడ లేదు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పైకప్పును తట్టి, గుల్లగా మోగితే అందరినీ బయటికి ఉరికించిన మనిషి; రిటైరైనా చెయ్యి ఊరుకోదు. రోగాలు కనిపెట్టే యంత్రాల భౌతికశాస్త్రం చదువుతున్న మనవరాలు శాలిని, డాక్టర్లు ఛాతీని వేళ్లతో ఎలా తట్టి వింటారో ఒకరోజు చూపించింది. కాక తన రొమ్ము తానే తట్టుకున్నాడు. ఎక్కడ తట్టినా గుల్లే! మొహం పాలిపోయి భార్యను కేకేశాడు. "సుసన్నా, జల్ది పాస్టరయ్యకు ఫోన్ చెయ్యి. నా కప్పు కూలెటట్టున్నది!"

శాలిని పడీపడీ నవ్వింది. "లోపల గాలుంటది తాతా, గుల్లగనే మోగాలె. బండలెక్క మోగితెనే ఫికర్ చెయ్యాలె."

కాక ఊపిరి పీల్చుకుని, పక్కనే పేపరు చదువుతున్న బావమరిది నెత్తి మీద టకటకా తట్టి, చెవి దగ్గర పెట్టి విన్నాడు.

"నీకసలు ఫికరే లేదు బామ్మర్ది."