ఆరున్నొకటో లైను

రెండువేల దశకంలో, ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో, మందుల పెట్టెలు ఊరూరికీ పంపే ఒక సంస్థలో నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు, మౌస్‌తో పనిలేని పాత టెర్మినల్. ఇప్పటి పిల్లలకు చూపిస్తే నవ్వుతారు. నాకు మాత్రం ఆ పచ్చరంగు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

కింది అంతస్తులో ఒక ఆంటీ ఉండేది. ఫిజీలో పుట్టిన తెలుగావిడ. తెర మీది పట్టికకు చెక్క స్కేలు ఆనించి, ఒక్కో వరుసా చదివి, చేరిన తేదీ ఖాళీగా ఉన్న పెట్టెను పట్టుకోవడం ఆవిడ ఉద్యోగం. ఆ పని యంత్రం చేత చేయించడం నా ఉద్యోగం. కోడ్ రాయనక్కర్లేని కొత్త టూల్ కొన్నారు. పట్టిక ఎక్కడ మొదలవుతుందో, పేజీకి ఎన్ని వరుసలో గడుల్లో నింపితే చాలు, అదే చదువుకుంటుంది. అది సరిగ్గా చదివిన రోజున ఆంటీకి ఇక పని ఉండదని మేనేజర్ మా ఇద్దరి ముందే చెప్పాడు. అంతా తెలిసీ ఆవిడ నా దగ్గర ఏదీ దాచలేదు. నేనైతే దాచేదాన్ని, నిజం చెప్పొద్దూ!

మధ్యాహ్నాలు ఆవిడ కర్రపెండలం కూర, నా పెరుగన్నం కలిపి తినేవాళ్ళం. ఆ దేశంలో నన్ను తిన్నావా అని అడిగిన మనిషి ఆవిడొక్కతే.

మొదటి పెట్టె ఎన్నో లైన్లో ఉంటుందని ఒకరోజు ఫోన్లో అడిగాను. "ఆరున్నొకటి," అంది. టూల్లో పక్కపక్కనే రెండు గడులు: ఎన్నో లైనో చెప్పడానికి అడ్డం, ఆ లైన్లో ఎన్నో అక్షరమో చెప్పడానికి నిలువు. అడ్డంలో ఆరు, నిలువులో ఒకటి కొట్టి, ఆహా, అడక్కుండానే రెండూ చెప్పిందని మురిసిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మేనేజర్‌కు చూపించే రోజున టూల్ గబగబా చదివేసి, అన్నీ చేరాయంది. ఆంటీ స్కేలు తీసి పట్టిక అడుగున ఆనించింది. పన్నెండో వరుసలో తేదీ లేదు. దేశం దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్ వెళ్ళాల్సిన పెట్టె. ఈ టూల్ దారికొచ్చేదాకా ఆంటీయే చదువుతుందని చెప్పి మేనేజర్ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే తప్పు దొరికింది. మొదటి పెట్టె ఉన్నది ఏడో లైన్లో. ఆరో లైన్లో శీర్షిక కింద వేసిన అడ్డగీత ఉంది. తేదీ గడిలోనూ గీత ఉండటంతో టూల్ దాన్నీ చేరిన పెట్టె అనుకుని, పేజీకి పన్నెండు వరుసల లెక్క సరిపోగానే ఆగిపోయింది. అలా ప్రతి పేజీలో చివరి వరుస గాలికి పోయింది. ఒక్క అంకె మారిస్తే చాలు. మార్చలేదు. ఆవిడ లేని ఆఫీసు నాకొద్దనిపించి, రెండు రోజులు నోరు మూసుకుని కూర్చున్నాను.

మూడో రోజు అన్నం దగ్గర ఉండబట్టలేక, ఏడని చెప్పకుండా ఆరు, ఒకటి అని ఎందుకు చెప్పావని అడిగేశాను. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. వడ్లు కొలిచేటప్పుడు ఏడు అనకూడదని వాళ్ళ అవ్వ నేర్పిందట. ఏడు అంటే ఏడవమన్నట్టు కదా, అందుకని ఆరున్నొకటి. వడ్లు కొలిచిన మొహమా నాది, తెలియడానికి! నవ్వు ఆగాక, మరి మార్చావా అని అడిగింది. తల వంచుకున్నాను.

"మార్చమ్మా," అంది. "నేను రాని రోజున ఆ కడపటి వరుస ఎవరు చదువుతారు? అది ఎవరి మందో."

ఆ శుక్రవారంతో ఆవిడ పని ముగిసింది. స్కేలు నాకిచ్చి వెళ్ళింది, ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కానీ నన్ను వదలనిది, మార్చమన్న ఆ మధ్యాహ్నమే. ఆవిడ నా వెంటే పైకి వచ్చి బల్ల పక్కన నిలబడింది. ఆరు చెరిపాను. ఆ తర్వాత వేలు కదల్లేదు. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, లెక్కలో ఎన్నడూ పలకని మాట పలికింది.

"ఏడు."

కొట్టాను. ఏడ్చాను కూడా.