ఉమ్మేసిన చిన్న రసం

చాట్రాయి దగ్గర ఓ మామిడి తోటకు నేను విశాఖ నుంచి వెళ్తే, నా స్నేహితురాలు మార్గరెట్ దక్షిణ ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. అక్కడ ఆమె వైన్ తయారు చేస్తుంది. మనకు మామిడి కోతలు ఊపందుకునేసరికి వాళ్ళకు ద్రాక్ష కోతలు అయిపోతాయి. అందుకే మే నెలలో ఆమెకు తీరిక.

తోట యజమానురాలు సీతామహాలక్ష్మిగారు చిన్న రసం ఒకటి మెత్తగా పిసికి ఆమె చేతికిచ్చారు. మార్గరెట్ వాసన చూసి, ఓ గుక్క పీల్చి, కళ్ళు మూసుకుని పుక్కిలించి, పక్కకు తిరిగి ఉమ్మేసింది.

సీతామహాలక్ష్మిగారి మొహం చిన్నబోయింది. "ఇది పుల్లగా ఉందేమోనండీ," అంటూ ఇంకోటి ఏరి తెచ్చారు. అదీ ఉమ్మేసింది! పైగా "అద్భుతం" అంటుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇదేంటని అడిగితే అప్పుడు చెప్పింది. ఒకే పూటలో ఎన్నో వైన్లు రుచి చూడాలట, మింగితే మత్తెక్కి నాలుక పనిచేయదట. ఉమ్మడం అలా అలవాటైపోయింది.

నేనది తెలుగులో చెప్పగానే సీతామహాలక్ష్మిగారు పకపకా నవ్వారు. "మా రసాల్లో మత్తేం ఉండదండీ, మింగమనండి ఆ అమ్మాయిని!"

మూడో పండు మింగింది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆమె నోట్లోంచి బయటికొచ్చినవి టెంకలే. అవీ తెల్లగా చీకేశాకే.