బూజు లైటు

మా పనిచోట ఆమెను అందరూ స్పిరిటక్క అంటారు. చేతిలో ఎప్పుడూ దూది, పక్కన స్పిరిట్ సీసా. బల్ల తుడుస్తుంది, పట్టకారు తుడుస్తుంది, ఎవరైనా ఆదమరిస్తే వాళ్ళ ఫోను కూడా తుడిచేస్తుంది. ఒకసారి సూపర్‌వైజర్ సారు కళ్ళజోడు తుడిచి, అద్దాల మీది పూత కాస్తా ఊడగొట్టింది. ఆయన నోరెత్తలేదు. ఎత్తితే ఆ నోరూ తుడుస్తుందని భయం కాబోలు.

మేం అరటి మొక్కలు పెంచుతాం. మట్టిలో కాదు, గాజు సీసాల్లో. పిలక లోపలి లేత మొగ్గను గోరంత ముక్కలుగా కోసి, జిగురులాంటి మేతలో గుచ్చి మూత పెడతాం. కాస్త బూజు దూరిందా, ఆ సీసా పోయినట్టే. అందుకే ఈ కోతంతా గాజు తలుపున్న పెట్టెలో చేస్తాం. ముందుగా తలుపు దించి లోపల నీలం లైటు వేస్తాం. తలుపు ఎత్తగానే అది దానంతటదే ఆరిపోతుంది. బూజును చంపుతుంది కాబట్టి మాకది బూజు లైటు. అసలు పేరు పెట్టె మీద ఉంది, మాలో ఎవరికీ రాని భాషలో. అది ఇంకేం చేస్తుందో మేం అడగలేదు, మాకెవరూ చెప్పలేదు.

ఈమధ్యే అక్కకు మనవరాలు పుట్టింది. నెల తిరక్కుండానే పసిదానికి రెండుసార్లు నెమ్ము చేసి ఆస్పత్రి పాలైంది. ఇంటికి పంపుతూ డాక్టరు, "క్రిములు సోకకుండా చూసుకోండి" అన్నాడట. ఎవరితోనైనా అనొచ్చు గానీ ఆ మాట మా అక్కతో అనకూడదు.

ఆ రోజు పొద్దున టీ తాగుతుంటే అక్క ముఖం వెలిగిపోతోంది.

"ఇక మా పాప దగ్గరికి ఏ క్రిమీ రాదు. పాత పెట్టెలోంచి పీకేసిన బూజు లైటు స్టోరులో ఉంటే అక్కడివాళ్ళని అడిగి పట్టుకెళ్ళా. ఉయ్యాల పైన బిగించాం. పాపకి స్నానం అయ్యాక వెయ్యమని అమ్మాయికి చెప్పి వచ్చా."

సారు చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది.

"గదిలో మనుషులుండగానా?"

"పసిదాన్ని ఒక్కదాన్నే వదిలేస్తామా సార్? అమ్మాయిని కూడా పక్కనే కూర్చోమన్నా. తనకీ మంచిదే కదా."

"ముందు ఫోన్ చెయ్యండి! ఆర్పేయమనండి!"

ఆయన అరవగా వినడం నాకదే మొదటిసారి. అక్క ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది, ఎవరూ తీయలేదు. పాప నిద్ర చెడుతుందని ఫోను వంటింట్లో పెట్టుకోవడం ఆ పిల్లకు అలవాటు.

"అది బూజుని చంపేది సార్. మనుషుల్నేం చేస్తుంది?" అంది అక్క. మళ్ళీ నంబరు నొక్కింది.

"బూజైనా మనిషైనా కణంలో ఉండేది డీఎన్ఏ అనే దారమేనమ్మా. దాని మీద అక్షరాల్లాంటివి దొంతరగా ఉంటాయి. ఆ లైటు పడితే దాన్ని మింగేస్తాయి. చాలాసార్లు రెప్పపాటు కూడా పట్టదు, మింగిన శక్తిని వేడిగా వదిలేస్తాయి. ఒక్కోసారి అది బయటికి పోలేక ఆ దొంతరలోనే ఇరుక్కుంటుంది. అప్పుడు పక్కపక్కనున్న రెండు అక్షరాలు అతుక్కుపోవచ్చు. ఇక ఆ దారం చదవడం కుదరదు. దాని నకలు ఆర్ఎన్ఏ కూడా అంతే, ఆ వెలుగును మింగుతుంది. బూజు చచ్చేది అందుకే."

"బూజుకీ మా పాపకీ ఒకటే దారమా?"

"దారం ఒకటే. రాత వేరు."

ఇంత సంగతి కడుపులో దాచుకుని ఇన్నాళ్ళూ మాతో పని చేయించాడా అని నాకు ఒళ్ళు మండింది. ఆయన్ని కడిగేద్దామనుకునే లోపే అక్క తెల్లకోటుతోనే వీధిలోకి పరుగు తీసింది. ఆమె ఇల్లు పక్క వీధే. నేనూ వెనకాలే పరిగెత్తాను.

గది తలుపు సందులోంచి నీలం వెలుగు కనపడింది. అక్క తలుపు తోసి, స్విచ్చు మీద చేత్తో చరిచింది. ఉయ్యాల మీద మందపాటి దుప్పటి మడతపెట్టి కప్పి ఉంది. పక్కనే కుర్చీలో కూతురు పాప చొక్కాకు గుండీ కుడుతోంది.

"ఏంటమ్మా, ఇంకాసేపు ఉంచుదామనుకున్నా. వెలుగుకి పాప నిద్రపోవట్లేదని దుప్పటి కప్పాలే."

అక్క దుప్పటి లాగేసి పాప ముఖం, కళ్ళు, చేతులు తడిమి చూసింది. పాప ఆవలించి మళ్ళీ పడుకుంది. అక్క నేల మీద కూలబడి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. గండం గడిచిందనే నేను అనుకున్నాను.

సాయంత్రానికి కూతురి ముఖం కందిపోయింది. కళ్ళల్లో ఇసుక పోసినట్టుందని కేకలు పెట్టింది. ఆస్పత్రిలో మందు వేసి రెండు కళ్ళకూ కట్టు కట్టారు. అక్క డాక్టరును బయటికి పిలిచి జరిగింది చెప్పింది. పాపకేం కాలేదని, కూతురి కళ్ళు రెండు మూడు రోజుల్లో బాగవుతాయని ఆయన అన్నాడు. ఆ అతుక్కుపోయిన అక్షరాల మాటేమిటని అక్క అడిగింది.

"చాలావరకు ఒళ్ళే సరిచేసుకుంటుంది" అన్నాడు.

మేం లోపలికి వెళ్ళేసరికి కూతురు పాపను పక్కలో వేసుకుని పడుకుంది. అడుగుల చప్పుడు విని తల తిప్పింది.

"అమ్మా, నాకీ కట్లు విప్పేదాకా నువ్వే చూసుకోవాలి. పాపకి ఆ లైటు వెయ్యడం మాత్రం మరిచిపోకు."

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ లైటే తల్లీ నీ కళ్ళు కాల్చింది. తెచ్చి పెట్టింది నేనే."

కూతురు చేత్తో తడుముకుంటూ పాపను వాళ్ళమ్మకు దూరంగా గోడ వైపుకు జరుపుకుంది.