ఆంటీ చదివిన ఆటలు

ఎడమ కంటి మూల నుంచి నల్లటి తెర ఒకటి మెల్లగా దిగడం మొదలైనప్పుడు నేను ఆన్‌లైన్‌లో బ్లిట్జ్ ఆడుతున్నాను. బ్లిట్జ్ అంటే చదరంగమే. కాకపోతే ఒక్కొక్కరికి మూడేసి నిమిషాలే ఉంటాయి. ఆలోపు ఎదుటివాళ్ళ రాజును కట్టెయ్యాలి, లేకపోతే గడియారమే మనల్ని ఓడిస్తుంది. స్క్రీన్ మీద మరక పడిందనుకుని చున్నీ అంచుతో తుడిచాను. మరక పోలేదు. తల తిప్పితే అది గోడ మీదికి వచ్చింది, కిటికీలోకి వచ్చింది, కిటికీ అవతల లాన్‌లో గడ్డి మేస్తున్న బాతుల మీదికీ వచ్చింది. అయినా ఆట పూర్తి చేసే లేచాను.

అప్పటికి కొన్నేళ్ళుగా నా రేటింగ్ ఒకేచోట ఆగిపోయి ఉంది. ఆ సైట్‌లో గెలిచినప్పుడల్లా కాస్త పెరిగి, ఓడినప్పుడల్లా కాస్త తగ్గే అంకె అది. మామూలుగా ఆడేవాళ్ళతో పోలిస్తే నాది మంచి అంకే. కానీ రెండువేల రెండువందల గుమ్మం దాకా వెళ్ళడం, గుమ్మం తగిలి వెనక్కి పడడం, ఇదే వరస. ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలు, ఓపెనింగులు, బట్టీ పట్టాను. వీడియోలు చూశాను. ఉదయం కాఫీ చల్లారేదాకా ఆడాను, ఆఫీసులో లంచ్ అవర్‌లో కార్‌లో కూర్చుని ఆడాను. చెయ్యి వేగం పెరిగింది తప్ప ఆట పెరగలేదు.

కంటి డాక్టరు రెటీనా ఊడిందని చెప్పి అప్పటికప్పుడే సర్జన్ దగ్గరికి పంపాడు. ఆపరేషన్ అయ్యాక కంటి లోపల గాలిబుడగ ఒకటి పెట్టారు. ఆ బుడగ పైకి తేలి రెటీనాను కంటి వెనక గోడకి అదిమి ఉంచాలి కాబట్టి, కొద్దిరోజులపాటు రాత్రీ పగలూ మొహం నేలవైపే పెట్టి ఉండాలన్నారు. మా ఆయన ఒక కుర్చీ అద్దెకి తెచ్చాడు. మొహం ఆనించడానికి మధ్యలో ఖాళీ ఉన్న మెత్త దానికి. అందులో తల పెడితే కనిపించేది మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్ కార్పెట్ ఒక్కటే. రెండో కంటితో ఫోన్ చూసుకోవచ్చన్నారు గానీ, చూస్తే తల తిరిగి వాంతి వచ్చేది. అందుకని రెండు కళ్ళూ మూసుకునే ఉండిపోయాను.

మా ఆయన ఆఫీస్‌కి వెళ్ళక తప్పని రోజులు వచ్చాయి. కింది ఫ్లోర్‌లో కూతురి దగ్గర ఉంటున్న ఆంటీని అడిగాడు. ఆవిడది గోదావరి వైపు. పూర్వం అక్కడ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేశారట. ఆదివారాలు ఒక స్కూల్ హాల్లో జరిగే తెలుగు చర్చిలో బైబిల్ వాక్యం చదివేది ఆవిడే. మెట్ల దగ్గర కనిపిస్తే నవ్వుకోవడమే తప్ప మాకు పెద్ద పరిచయం లేదు.

మొదటిరోజు ఆవిడ వచ్చి నా వీపు మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. తర్వాత పక్కన కూర్చున్నారు. ఒక్క క్షణం కళ్ళు తెరిస్తే నాకు ఆవిడ పాదాలు, చీర అంచు మాత్రమే కనిపించాయి.

"ఏం చెయ్యమంటావమ్మా? పేపర్ చదవనా? పాటలు పెట్టనా?"

నాకు ఏమనిపించిందో, "ఆంటీ, నా ఫోన్‌లో నేను ఆడిన చెస్ ఆటలు ఉంటాయి. అవి చదువుతారా?" అన్నాను.

"ఆటలు చదవడమేమిటమ్మా?"

చెప్పాను. గళ్ళకి అడ్డంగా ఇంగ్లీష్ అక్షరాలు, నిలువుగా అంకెలు ఉంటాయనీ, ఏ బొమ్మ ఏ గడికి వెళ్ళిందో వరసగా రాసి ఉంటుందనీ, బంటుకి మాత్రం బొమ్మ వెయ్యరనీ, ఉత్త గడి పేరే ఉంటుందనీ. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకున్న చప్పుడు వినిపించింది.

"ఓస్, నంబర్లేనా," అన్నారు.

చదవడం మొదలుపెట్టారు. "ఈ ఫోర్. సీ ఫైవ్. గుర్రం, ఎఫ్ త్రీ. డీ సిక్స్." ఒక్కో ఎత్తు తర్వాత కాస్త ఆగేవారు, అవతల ఎవరో రాసుకుంటున్నట్టు. ఆ గొంతులో తొందర లేదు. ఏ ఎత్తూ ఇంకో ఎత్తుకన్నా గొప్పది కాదు. మూసిన కళ్ళ వెనక చీకట్లో గళ్ళు ఒకటొకటిగా వెలగసాగాయి. బంటు ముందుకి జరిగితే నీళ్ళల్లో దీపం కదిలినట్టుండేది. బోర్డు నిలకడగా ఉండేది కాదు, ఊపిరి తీస్తే కొంచెం పైకి లేచేది, వదిలితే దిగేది. హీటర్ ఆగి మళ్ళీ మొదలయ్యే చప్పుడు, ఎక్కడో స్కూల్ బస్ ఆగిన చప్పుడు, వాటి మధ్యలో "శకటం, జీ సెవెన్." ఆ శకటం ఎక్కడో దూరాన మూలకి వెళ్ళి కూర్చునేది.

"ఇందులో నువ్వెవరమ్మా? తెల్లవాళ్ళా, నల్లవాళ్ళా?" అని అడిగారు సగం ఆటలో.

"తెల్లపావులు నావి ఆంటీ."

"అలాగా. నేను నల్లవాళ్ళు నీవాళ్ళనుకున్నాను. వాళ్ళేదో పద్ధతిగా వస్తున్నట్టున్నారు."

నవ్వొచ్చింది, కానీ అందులో నిజం ఉంది. ఆ ఆట నేను ఓడిందే. ఆడినప్పుడు అవతలివాడి ఎత్తులు నాకసలు వినపడలేదు. వాడు ఎత్తు వేస్తే నా వంతు వచ్చిందన్నంతే నాకు. గంట మోగితే లేచి పరుగెత్తే పిల్లలాగా నా ఎత్తు నేను వేసేసేదాన్ని. ఇప్పుడు ఆంటీ గొంతులో వాడి ఎత్తూ నా ఎత్తూ ఒకే బరువుతో వచ్చి పడుతున్నాయి. వాడి గుర్రం నా గళ్ళలోకి వచ్చినప్పుడు అది ఎందుకొచ్చిందో కనుక్కోకుండా ఉండలేకపోయాను. కనుక్కుంటే, నేను ఓడిపోయింది చివర్లో చేసిన తప్పు వల్ల కాదని తెలిసింది. ఎప్పుడో మొదట్లోనే వాడు మర్యాదగా తలుపు తట్టాడు, నేను పలకలేదు.

రోజూ భోజనం అయ్యాక ఆంటీ వచ్చేవారు. చదివే ముందు, "ఇవాళ గెలిచినది చదవనా, ఓడినది చదవనా?" అని అడిగేవారు. నేను ఓడినవే అడిగేదాన్ని. ఆట అయ్యాక ఆవిడ అవతలివాళ్ళ దేశం జెండా చూసి, "ఇతనిది ఏదో చలిదేశంలా ఉంది, పాపం," అనేవారు. జాలి నన్ను ఓడించినవాడి మీద.

ఒకసారి చదువుతుండగా వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. ఏదో మాట్లాడి పెట్టేసి మళ్ళీ అందుకున్నారు. చాలా ఎత్తులు చదివాక, "ఏనుగు, డీ ఎయిట్" అన్నారు.

"వెళ్ళలేదు ఆంటీ. మధ్యలో శకటం అడ్డంగా ఉంది."

"నాకేం తెలుసమ్మా. ఇక్కడ ఉన్నది చదువుతున్నాను."

"ఒకసారి వెనక్కి వెళ్ళి చూస్తారా?"

చూశారు. మధ్యలో ఒక వరస తప్పిపోయింది. ఆ వరసలో ఆ శకటం ఎప్పుడో చచ్చిపోయింది. అంటే చాలాసేపటినుంచి నేను ఎవరూ ఆడని ఆట ఒకటి కళ్ళ వెనక ఆడుకుంటున్నాను.

"అయ్యో, నీ ఆట పాడుచేశానే," అన్నారు ఆంటీ.

"లేదాంటీ, ఇది బాగుంది," అన్నాను.

నిజంగానే బాగుంది. లేని ఆట వదిలిపెట్టబుద్ధి కాలేదు. ఆ శకటం బతికి ఉంటే ఏమయ్యేదో ఆ సాయంత్రమంతా చూస్తూ ఉండిపోయాను. మా ఆయన వచ్చి స్ట్రాతో చారు తాగిస్తున్నా ఆ బోర్డు అలాగే తేలుతూ ఉంది. అందులో నేను ఎవరినీ చంపడానికి తొందరపడలేదు. నా ఏనుగుల్ని ఒకదాని వెనక ఒకటి నిలబెట్టాను. రాజును పక్కకి జరిపాను. ఎదుటివాళ్ళు ఏం చేద్దామనుకుంటున్నారో ముందు వాళ్ళని చేయనిచ్చాను. గడియారం లేదు కాబట్టి ఎంతసేపైనా అలా ఉండొచ్చు. నిద్రలోకి జారిన తర్వాత కూడా పావులు కదులుతూనే ఉన్నట్టుంది. లేచేసరికి ఆట ఎవరు గెలిచారో గుర్తులేదు గానీ, ఒంట్లో ఏదో ముడి విప్పినట్టుంది.

తల ఎత్తి కూర్చోవచ్చని డాక్టరు చెప్పాక, ఆ కంటికి లోకం నీళ్ళ అడుగునుంచి చూసినట్టు కనిపించేది. బుడగ అంచు ఒక గీతలా ఊగుతుండేది. ఆ గీతకి పైన చెట్లు చెట్లలాగా ఉండేవి, కింద ఉత్త వెలుతురు. రోజులు గడిచేకొద్దీ బుడగ చిన్నదవుతూ, చూపు అడుగున దొర్లే పూసలాగా మారింది. ఒకరోజు ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతూ చూసుకుంటే పూస లేదు. కంట్లో నీళ్ళు మాత్రం ఉన్నాయి, అవి ఉల్లిపాయలవే.

మళ్ళీ ఆడడం మొదలుపెట్టాక వరసగా ఓడిపోయాను. ఇప్పుడు అవతలివాళ్ళ ప్రతి ఎత్తూ నాకు వినిపిస్తోంది. వింటూ కూర్చుంటే టైమ్ అయిపోతోంది. గెలవాల్సిన బోర్డు ముందు పెట్టుకుని గడియారానికి దొరికిపోతున్నాను. రేటింగ్ జారి, ఎప్పుడో కాలేజీ రోజుల్లో దాటొచ్చిన చోటికి వెళ్ళింది.

మా ఆయన ఒకరోజు నా వెనక నిలబడి చూసి, "పోనీ కొన్నాళ్ళు బ్రేక్ తీసుకోకూడదా? కన్ను కూడా స్ట్రెయిన్ అవుతుంది కదా," అన్నాడు.

"ఆటలు తగ్గిస్తాను. మానను," అన్నాను.

అలాగే తగ్గించాను. ఉదయం ఆఫీసు మీటింగులు మొదలయ్యేలోపు రెండో మూడో, అంతే. ఆడిన ప్రతి ఆటనీ తర్వాత పైకి చదువుకునేదాన్ని, ఆంటీ చదివినట్టే, ఆగి ఆగి. మొదట్లో నా గొంతు నాకే సిగ్గుగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది. ఏ ఎత్తు దగ్గర గొంతు తడబడితే అక్కడ నేను చూడకుండా వెళ్ళిపోయానని అర్థం. నెమ్మదిగా ఆ వినడం దానంతటదే వేగం అందుకుంది. మొదట్లో ఒక వాక్యమంత పొడుగున్నది, ఒక మాటంత అయింది, తర్వాత కనురెప్ప పాటంత. వేసవి వచ్చేసరికి రేటింగ్ పాత చోటికి చేరింది. ఇంటి దగ్గరి కాలవగట్టు మీద ఆకులు పసుపెక్కే రోజుల్లో మళ్ళీ ఆ గుమ్మం ముందు నిలబడ్డాను.

అది ఒక శనివారం మధ్యాహ్నం. కిటికీలోంచి ఎండ వచ్చి కీబోర్డ్ మీద పడుతోంది. అవతలివాడి రాజు సొంత బంట్ల వెనక ఇరుక్కుని ఉన్నాడు. నా ఏనుగుని చివరి వరసలోకి పంపితే ఆట అయిపోతుందని చూసుకుని లోపల్లోపల మురిసిపోతున్నాను. అంతలో వాడు పక్కనున్న చిన్న బంటుని ఒక్క గడి జరిపాడు. పాత రోజుల్లో అయితే అది నా కంటికి ఆనేది కాదు. ఇప్పుడు ఆనింది. రాజుకి తలుపు తెరిచాడు. అంటే నేను ఏం చూశానో వాడూ చూశాడు. సరే, నువ్వు విన్నావు, నేనూ విన్నాను, అనుకున్నాను. ఏనుగుని వెనక్కి పిలిచి, బోర్డు అవతలి పక్కన ఎవరూ పట్టించుకోని నా బంటుని నడిపించడం మొదలుపెట్టాను. ఆ బంటు చివరి వరస చేరి మంత్రి కాకుండా ఆపడానికి, వాడు రాజుకోసం తలుపు తెరిచిన ఆ ఒక్క ఎత్తు అక్కడ తక్కువపడింది. నా గడియారంలో ఇంకా కొన్ని సెకన్లు ఉండగానే వాడు ఓటమి ఒప్పుకున్నాడు.

అంకె మారింది. రెండువేల రెండువందల మూడు. ఎన్నేళ్ళుగానో అనుకున్నంత సంతోషం రాలేదు. ఎండ అలాగే ఉంది, డ్రయ్యర్ తిరుగుతోంది. గదిలో మాత్రం ఏదో చాలా మెత్తగా ఉంది, మంచు పడిన తర్వాత వీధిలాగా. కాసేపు ఆ మెత్తదనంలోనే కూర్చుని, కిందికి దిగి ఆంటీ వాళ్ళ తలుపు తట్టాను.

తలుపు తీసి, నేను నోరు తెరిచేలోపే, "మంచిదానివి, సమయానికి వచ్చావు," అని నా చెయ్యి పట్టుకుని సోఫా దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ ఫోన్‌లో అదే సైట్ తెరిచి ఉంది.

"మీరు ఆడుతున్నారా ఆంటీ?"

"అమ్మాయి పెట్టిచ్చింది. నువ్వు లేచి తిరుగుతున్నావు, ఇంక నాకు చదవడానికి ఏముంది? మూడు నిమిషాలవి నావల్ల కావు, రోజుకొక ఎత్తు వేసేవి ఆడుతున్నాను. ఈ బ్రెజిల్ అబ్బాయి చేతిలో ఓడిపోయాను. గుడ్ గేమ్ అని పెట్టాడు. ఏమని పెట్టాలి?"

"మీరూ థాంక్యూ, గుడ్ గేమ్ అని పెట్టండి."

ఆవిడ ఆలోచించి, కీబోర్డ్ మార్చుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తెలుగులో కొట్టారు. దేవుడు నిన్ను దీవించును గాక. పంపించేశారు.

"అతనికి అర్థం కాదేమో ఆంటీ."

"అందుకోవలసినాయన అందుకుంటాడులే," అన్నారు. "ఇంతకీ ఎందుకొచ్చావమ్మా? ఏదైనా కావాలా?"

చెప్పాను. ఆవిడకి ఆ అంకె ఎంతటిదో తెలియదు, అయినా కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం నా చెయ్యి అలాగే పట్టుకున్నారు. తర్వాత టీ పెట్టడానికి లేచారు. సోఫా మీది ఫోన్‌లో, ఇంకో దేశం మనిషి ఎవరో ఆవిడతో కొత్త ఆట మొదలుపెట్టారు. నేను ఆ మొదటి ఎత్తుని వంటింట్లోకి వినపడేలా చదివాను.