మా మేనత్త నిమ్మనూనె

మొన్న జనగామలో మా అమ్మాయి ఫోన్‌లో ఏదో చూస్తూ నిమ్మతొక్కలు తురిమి కొబ్బరినూనెలో వేస్తుంటే, నేను వంకాయలు తరగడం ఆపి వెళ్లి ఆ గిన్నె మీద మూత పెట్టేశాను. ఎందుకమ్మా అని అడిగింది. అది రాసుకుని ఎండలోకి వెళ్లొద్దు అని మాత్రం చెప్పగలిగాను.

దంతాలపల్లిలో మా మేనత్త చేసే నిమ్మనూనె అంటే చుట్టుపక్కల అందరికీ తెలుసు. నీడన ఎండబెట్టిన నిమ్మతొక్కలను నువ్వుల నూనెలో వేసి, సన్నసెగ మీద కాచి, పలచని గుడ్డతో వడకట్టేది. మోకాళ్లు లాగినా, మెడ పట్టేసినా ఆ సీసాయే మందు. వద్దన్నవాళ్లను కూడా కూర్చోబెట్టి రాసేది. ఆమె వచ్చిపోయిన ఇంట్లో మంచం నులక నుంచి తలుపు గడియ దాకా నిమ్మ వాసనే. ఆమె ఎదురుపడితే మా నాన్న నడుమునొప్పి దాచుకుని నిటారుగా నడిచేవాడు, ఎక్కడ పట్టుకుంటుందోనని.

మా చెల్లెలిని ఇచ్చింది కూడా ఆ ఊళ్లోనే. కొన్నేళ్ల కిందట పత్తి ఏరే రోజుల్లో నేను వాళ్లింట్లో ఉన్నాను. చెల్లెలికి చేతులు లాగుతున్నాయని తెలిసి అత్త పొద్దున్నే వచ్చింది. సీసాలో నూనె అయిపోయింది. తొక్కలు ఎండేదాకా ఆగలేక, పచ్చివే రోట్లో దంచి, ఆ రసంతో సహా నూనెలో కలిపి రెండు చేతులకూ రుద్దింది. చెల్లెలు అలాగే చేనుకు వెళ్లింది. మర్నాటికి చేతులు ఎర్రబడి మంట మొదలైంది. ఆ మరుసటి రోజుకు నీటిపొక్కులు లేచాయి. జాకెట్టు చేయి తగిలినా కళ్లనిండా నీళ్లు తిరిగేవి. అమ్మవారేమోనని ఒకరు, ఏదో పురుగు పాకిందని ఒకరు అన్నారు. నాకైతే దాని చేతులు పనికిరాకుండా పోతాయేమోనని భయం.

చెల్లెలి భర్త, మా మరిదికి మాత్రం అనుమానం పక్క చేనాయన మీద. చెల్లెలు పత్తి ఏరుతుండగానే అతను మిరపతోటకు పురుగుమందు కొట్టాడు. దవాఖాన నుంచి రాగానే అతని సంగతి తేలుస్తానని మరిది పళ్లు కొరికాడు. అంతకుముందే చేని గట్టు తగువుతో ఆ రెండిళ్లకూ మాటలు లేవు. మహబూబాబాద్ దాకా బస్సులో అత్త మా చెల్లెలి చేతులకేసే చూస్తూ కూర్చుంది.

దవాఖానలో మరిది పురుగుమందు సంగతి గట్టిగా చెప్పాడు. డాక్టరమ్మ చేతులను అటూ ఇటూ తిప్పి చూసి, చేతులకు ఇంకేమైనా రాశారా అని అడిగింది. అత్త ముందుకు జరిగింది.

“నేను రాసిన బిడ్డా. పచ్చి నిమ్మతొక్క నూనె. జర చూడు, నా చేతి యేళ్లు ఎట్ల పొయినయో పొక్కులు గట్లనే లేసినయి.”

నిజమే. మోచేతి పైనుంచి మణికట్టు దాకా చారలు చారలుగా ఉన్నాయి. నిమ్మతొక్క రసం ఒంటిమీద ఉండగా ఎండ తగిలితే ఇలా కాలుతుందని డాక్టరమ్మ వివరించింది. పొక్కులు చిదపొద్దని, మచ్చలు కొన్ని నెలలుండి పోతాయని చెప్పి పూతమందు ఇచ్చింది. మరిది తల దించుకున్నాడు. పక్క చేనాయనతో గొడవ అక్కడితో ఆగింది.

అత్త మాత్రం నూనె కాయడం మానేసింది. రోజూ సాయంత్రం వచ్చి పొక్కులు మాని నల్లబడ్డ ఆ చారలు చూసి వెళ్లిపోయేది. ఆమె కంటపడకూడదని చెల్లెలు కొంగుతో చేతులు కప్పుకునేది. చివరికి ఒకనాడు చెల్లెలే పిలిచి అడిగిందట.

“అత్తమ్మా, మెడ పట్టేసింది. జర నూనె కాసి రాయరాదూ.”

“నా చేతులతోనా బిడ్డా?”

“నీ చేతులతోనే.”

అత్త తొక్కలు బాగా ఎండబెట్టి, పాత పద్ధతిలోనే కాచి, పొద్దుగూకాక మెడకు రాసింది. తెల్లారి తానే వచ్చి, వేడినీళ్లతో మెడ కడిగించాక గానీ చేనుకు పోనివ్వలేదు. అప్పటినుంచి ఎవరికి రాసినా అదే పట్టుదల.

ఆ చారలు ఎప్పుడు పోయాయని ఈ మధ్య చెల్లెలిని అడిగాను. తనకూ గుర్తులేదంది. అంత భయపెట్టినదాన్ని కూడా కాలం ఎవరికీ చెప్పకుండానే తుడిచేస్తుంది.