రాళ్లకు ఒకవైపే పూసిన సున్నం

ఆ రోజుల్లో కొండ ఎక్కడమంటే ఏదో పని పడి ఎక్కడమే. తప్పిపోయిన మేక కోసమో, కట్టెల కోసమో, మొక్కు తీర్చుకోవడానికో ఎక్కేవాళ్లు. పైన ఏముందో చూసొద్దామని ఎక్కిన మనిషిని మా పిడుగురాళ్లలో ఎవరూ చూసి ఉండరు. ఊరికి కాస్త దూరంలో, బెల్లంకొండ వైపు ఒక ఎత్తైన కొండల వరస ఉండేది. దానికి దారీ లేదు, పేరూ లేదు. మా కొత్త బావ కన్ను సరిగ్గా దాని మీదే పడింది.

బావ గురజాల కచేరీలో గుమాస్తా. అక్కను కాపురానికి తీసుకువెళ్లడానికి వచ్చాడు. సోమవారం సాయంత్రం రైలుకు ప్రయాణం. అది తప్పితే మర్నాడు మంగళవారం, ఆడపిల్లను పుట్టింటి నుంచి పంపే రోజు కాదు. అందుకని అమ్మ పొద్దున్నే సారె గంపలు కట్టి గుమ్మం పక్కన పెట్టేసింది. అక్క మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతోంది. అలాంటి రోజున బావ అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ, "ఆ కొండ పైన ఏముంది బామ్మర్దీ?" అన్నాడు. "ఏం లేదు బావా, కొండే" అన్నాను. "అయితే చూడాల్సిందే" అన్నాడు. (ఆ 'అయితే' ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.)

కొత్త అల్లుడు నోరు తెరిచి అడిగాక కాదనేదెవరు? అమ్మ తలుపు చాటు నుంచే నాకు హుకుం జారీ చేసింది. "ఒరేయ్, ఆయన కాల్లో ముల్లు దిగిందంటే నీ వీపు చీరేస్తా. రైలు టయానికి ఇంటికాడ ఉండాల." మాది సున్నపు బట్టీ. సున్నంతో కుదరని పని లోకంలో లేదని నాన్న నమ్మకం. చీమలకు సున్నం, దిష్టికి సున్నం, తేలు కుడితే సున్నం. "దారి లేని కొండరా అది. ఈ డబ్బా తీసకపో. ఎక్కేప్పుడు రాళ్లకి పూసుకుంటా పో, దిగేప్పుడు అయ్యే చూసుకుంటా రావచ్చు" అన్నాడు.

బావ ఇస్త్రీ పంచె, కొత్త కాన్వాసు బూట్లతో బయలుదేరాడు. నేను డబ్బా, కుంచె పట్టుకుని ముందు నడిచాను. ఎదురుగా కనిపించిన ప్రతి పెద్ద రాయికీ ఒక చుక్క పెట్టాను. "చానా తెలివిగలోడివి బామ్మర్దీ" అని బావ మెచ్చుకుంటుంటే ఇంకాస్త లావుగా పెట్టాను. చెమటలు కక్కుతూ పైకి చేరితే, వెనకాల ఇంకా ఎత్తుగా మరో శిఖరం ఉంది. అదీ ఎక్కాం. దాని వెనక ఇంకొకటి. మేమున్నది ఏ కొండ మీదో కూడా నాకు తెలియకుండా పోయింది. చివరికి ఒక బండ మీద బావ చతికిలబడి, "ఇదే శిఖరం. నాకు ఆకలేస్తంది" అని తేల్చేశాడు. అమ్మ కట్టిచ్చిన పులిహోర తిన్నాం. పైన నిజంగానే ఏమీ లేదు.

దిగడం మొదలుపెట్టాక అసలు కథ. ఎంత వెతికినా ఒక్క చుక్కా లేదు. "ఎవరో తుడిచేసినట్టున్నారు" అన్నాడు బావ. "ఇక్కడికి ఎవరొస్తారు బావా?" "మరి ఏందిది?" కుడి పక్కకు వెళ్తే ఎడమ పక్క మంచిదనిపించేది, ఎడమకు వస్తే ఎక్కింది ఇటు కానే కాదనిపించేది. దూరంగా తెల్లటి మరక కనిపించగానే బావ పరుగున వెళ్లి వేలితో ముట్టి, వాసన చూసి, "ఇది సున్నం కాదు, పిట్టలది" అని వేలు పంచెకు తుడుచుకున్నాడు. అంతలో నేను కాలు జారి, గిర్రున తిరిగి కొండకేసి మొహం పెట్టి కూలబడ్డాను. అప్పుడే దాటొచ్చిన రాయి మీద నా చుక్క నిగనిగలాడుతోంది! ఎక్కేటప్పుడు నాకు ఎదురుగా ఉన్న వైపే పూశాను కదా, దిగేవాడికి అవతలి వైపు ఎలా కనిపిస్తుంది?

ఇక నేను వెనక్కి నడవడం, బావ నా చొక్కా పట్టుకుని కిందికి లాగడం. చుక్క కనిపిస్తే సరి, లేకపోతే మళ్లీ పైకి. సగం దిగేసరికి కింద పొగ వదులుతూ రైలు పోయింది.

"అది మన రైలేనా?"

"మనదే బావా."

"పొయినట్టేనా?"

"పొయినట్టే."

ఇంట్లో నాకు జరిగిన సన్మానం చెప్పనక్కర్లేదు. "రెండో పక్క గూడా పూయాలని నీకు విడిగా చెప్పాలంట్రా?" అని నాన్న. బావ పంచె చూసి అమ్మ నెత్తి కొట్టుకుని, "ఇంక బుధవారమే" అంటూ గంపలు విప్పింది. అందరికన్నా అక్కే ఎక్కువ తిడుతుందని భయపడ్డాను. అక్కేమో సారె అరిసెలు నా చేతిలో రెండు పెట్టి, లోపలికి వెళ్లి ఏదో పాట కూనిరాగం తీసింది. పొద్దున్నించీ మూసుకున్న నోరు అది. నాకేమీ అర్థం కాలేదు.

అర్థం కావడానికి నాకో కూతురు పుట్టి, పెరిగి, పెళ్లి కావాల్సి వచ్చింది. అమ్మాయిని కాపురానికి పంపే రోజు కూడా సోమవారమే. పెట్టెలు గుమ్మంలో ఉన్నాయి. అమ్మాయి కడిగిన గ్లాసులే మళ్లీ కడుగుతోంది. గడియారం వైపు చూశాను, అల్లుడి వైపు చూశాను. "అల్లుడుగారూ, మా ఊరి కొండ మీరు ఎప్పుడైనా ఎక్కారా?" అన్నాను.

పక్కనే ఉన్న అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. కాసేపటికి నా చెవి దగ్గరికి వచ్చి, "ఒరేయ్, సున్నం ఒక పక్కే పుయ్యి" అంది.