మునెమ్మత్త పాంప్లెట్

నేను మదనపల్లెలో ఓ ప్రింటింగ్ షాపులో పాంప్లెట్లకు మాటలు రాస్తుంటాను. మా మునెమ్మత్త పుంగనూరులో ఇంటి వసారాలోనే రాగిసంగటి, అందులో నంజుకోడానికి చెనిక్కాయల ఊరుబిండి, అదే వేరుశనగ పచ్చడి, చేసి అమ్మేది. బేరం సరిగా లేదని బాధపడుతుంటే రెండేళ్ల కిందట నేనే ఓ పాంప్లెట్ రాసిచ్చాను. "మునెమ్మ ఇంటికొచ్చినవాళ్లు ఆకలితో తిరిగి వెళ్లరు" అని పెద్ద అక్షరాల్లో వేయించాను.

"అంత మాట యాల పాపా? నాకుండేది రెండు సేతులే కదా" అంది అత్త.

"అలా రాస్తేనే జనం వస్తారత్తా" అని నవ్వేశాను.

సంత రోజున పంచాం. వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టాను. నిజంగానే జనం విరగబడ్డారు. మధ్యాహ్నానికే సంగటి అయిపోయింది. మళ్లీ ఎసరు కాగేలోపే వసారా అంతా కేకలు. నిమ్మనపల్లె నుంచి పిల్లలతో వచ్చినాయన పాంప్లెట్ చూపించి, "ఇట్ల రాయించి పిలిస్తివే! పిలకాయలు ఆకలితో ఉండారు, వీళ్లకేం సెప్పేదమ్మా?" అని నిలదీశాడు. రాసింది నేనని ముందుకొచ్చి చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు. ఇంటికొచ్చిన మనిషికి ఏనాడూ లేదనని అత్త, అందరి ముందూ చేతులు జోడించి, "తప్పయిపాయెనప్పా, సంగటి లేదు" అంది.

ఆ మర్నాటి నుంచి పొయ్యి వెలిగించలేదు. ఎంత బతిమాలినా, "ఆ మాట మళ్లీ అనలేను పాపా" అనేసింది. ఇప్పుడు ఓ హాస్టల్లో వంటకు పోతోంది.

నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు కొంతైనా తేలికయ్యేది.

— సరళ, మదనపల్లె